పాత అంబాసిడర్ గుంజుత లేదా? కార్బురేటర్ జోలికి ఆఖరున పోండి

పాత అంబాసిడరో ప్రీమియర్ పద్మినియో తడబడుతోందని షెడ్డుకు తీసుకెళ్తే మొదట వినబడే మాట దాదాపు ఒకటే: "కార్బురేటర్ ఇప్పి సాఫ్ చేద్దాం సార్." ఇప్పుతారు, పెట్రోలుతో కడుగుతారు, గాలి కొడతారు, రెండు స్క్రూలు అటూ ఇటూ తిప్పి ఇస్తారు. రెండు రోజులు బాగున్నట్టే ఉంటుంది. మూడో రోజు కాజీపేట దగ్గర ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కుతుంటే మళ్లీ అదే కుదుపు. అసలు జబ్బు ఎక్కడిదక్కడే ఉంది, దానికి తోడు సరిగ్గా ఉన్న సెట్టింగు కూడా పోయింది.

అందుకే ఈ పద్ధతిలో పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్‌ను ఆఖరున పెట్టాను. ముందు జబ్బు ఎప్పుడు కనబడుతోందో పట్టుకోవాలి. తర్వాత ఇంజన్‌తో సంబంధం లేని కారణాలు తీసేయాలి. ఆ తర్వాత ట్యాపెట్లు (వాల్వుల గ్యాపు), కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు బలం); ఆపైన కరెంటు తరఫు; దాని తర్వాత పెట్రోలు తరఫు. కంప్రెషన్ లేని సిలిండర్‌కు ఎంత మంచి ప్లగ్గు పెట్టినా దమ్ము రాదు. టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, తప్పిన ఇంజన్ మీద మిక్చర్ (పెట్రోలు, గాలి పాళ్లు) సెట్ చేస్తే ఆ మిక్చరూ తప్పే అవుతుంది. ఈ వరుస అందుకే. ఒక్కసారికి ఒక్కటే మార్చండి, మార్చి బండి నడపండి, ఏమైందో రాసుకోండి. ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్, కాయిల్ అన్నీ ఒక్కపూటలో మారిస్తే బండి బాగైనా ఎందుకు బాగైందో తెలియదు.

ఇక్కడి కొలతలు 1489 సీసీ పెట్రోలు అంబాసిడర్‌వి. ఆ బండి బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చింది, ఇంజన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వాళ్ల బి-సిరీస్. ఉత్తర్‌పరా ఫ్యాక్టరీ 2014లో మూతపడినా ఆ ఇంజన్ గురించి రాసిన పాత బ్రిటిష్ వర్క్‌షాప్ పుస్తకాలు ఇప్పటికీ పనికొస్తాయి. పద్మినిలోని 1089 సీసీ ఫియట్ ఇంజన్‌కు కూడా పద్ధతి ఇదే, ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) కూడా అదే 1-3-4-2; కొలతలు మాత్రం దాని పుస్తకంలోంచే తీసుకోండి. ఇసుజు ఇంజన్ అంబాసిడర్లు, డీజిల్ బండ్లు వేరే కథ.

మొదలుపెట్టే ముందు ఒక లెక్క. 1489 ఇంజన్ కొత్తలోనే 50 హార్స్‌పవర్ దరిదాపుల్లో ఇచ్చేది, లాగాల్సిన బరువు టన్ను పైన. ఇవాళ్టి చిన్న కారుతో పోల్చుకుని "పికప్ లేదు" అనుకుంటే ఎన్ని పార్టులు మార్చినా తృప్తి ఉండదు. మీ బండి నిరుడు ఇదే రోడ్డు మీద ఎలా పోయింది, ఇప్పుడెలా పోతోంది? అంతవరకే చూడండి.

ఎప్పుడు తడబడుతోంది?

"తడబడుతోంది", "గుంజుత లేదు" అనేవి రెండు వేర్వేరు జబ్బులు. కుదుపు, మిస్సింగ్ ఉంటే ఏదో ఒకటి మధ్యమధ్యలో ఆగిపోతోందని అర్థం. కుదుపు లేకుండా మెత్తగానే నడుస్తూ బలం మాత్రం తగ్గితే టైమింగ్ లేటు, కంప్రెషన్ తక్కువ, సైలెన్సర్ మూసుకుపోవడం, బ్రేకులు పట్టేయడం లాంటివి చూడాలి.

ఆపైన ఈ తేడాలు గమనించండి. యాక్సిలరేటర్ తొక్కిన క్షణంలో ఒక్క గుటక వేసి తర్వాత అందుకుంటోందా? ఈ బండ్లలో రెండు రకాల కార్బురేటర్లు కనబడతాయి: సోలెక్స్ అయితే యాక్సిలరేటర్ పంపు, ఎస్‌యూ అయితే డ్యాష్‌పాట్‌లో ఆయిల్, రెండింటికీ వ్యాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజన్ పీల్పుతో టైమింగ్‌ను ముందుకు జరిపే ఏర్పాటు) చూడాలి. ఊళ్లో బాగానే ఉండి హైవే మీద 60 దాటాక ఊగిసలాడుతోందా? పెట్రోలు చాలినంత అందకపోవడమే మొదటి అనుమానం. పొద్దున బాగుండి మధ్యాహ్నం హీటెక్కాక మొరాయిస్తోందా? కండెన్సర్, కాయిల్, లేదా పెట్రోలు ఆవిరి కావడం. ఐడిల్‌లో కూడా లెక్క తప్పకుండా ఒకే తీరుగా మిస్ కొడుతోందా? ఒక్క సిలిండర్ పడుకుంది.

ఇది కుర్చీలో కూర్చుని తేలేది కాదు, రోడ్డు మీదికి పోవాలి. ఎత్తు ఎక్కుతూ తొక్కితేనే ఇంజన్ మీద అసలు బరువు పడుతుంది. ఫాతిమానగర్ బ్రిడ్జి దీనికి బాగా పనికొస్తుంది, కానీ పొద్దు పొడవకముందు పోండి. తొమ్మిదింటికి పోతే పరీక్ష మీ బండికి కాదు, మీ ఓపికకు. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక టాప్ గేర్‌లో 40 వేగంతో ఎత్తు మొదట్లో పూర్తిగా తొక్కండి. వేగం మీద చూడటానికి మడికొండ దాటాక హైదరాబాద్ హైవే ఉంది.

తడబడుతున్న ఆ సమయంలోనే రెండు పనులు చేయండి. మొదటిది, చోక్ కొంచెం గుంజండి. బండి వెంటనే తేరుకుంటే పెట్రోలు తక్కువ పడుతోంది, లేదా ఎక్కడో అదనంగా గాలి పీలుస్తోంది. ఇంకా అధ్వానమైతే పెట్రోలు ఇప్పటికే ఎక్కువుంది, లేదా తప్పు కరెంటు తరఫున ఉంది. పైసా ఖర్చులేని ఈ పరీక్ష సగం దారి చూపిస్తుంది. అయినా ఎక్కువమంది చేయరు. రెండోది, పాదం కొద్దిగా ఎత్తండి. పూర్తిగా తొక్కినప్పుడు కుదిపి, ఎత్తగానే సాఫీగా పోతే అప్పుడూ పెట్రోలు అందకపోవడమే మొదటి అనుమానం.

జబ్బు పూర్తిగా కనబడుతున్నప్పుడు క్లచ్ తొక్కి, ఇంజన్ ఆపి, బండిని అలాగే రోడ్డు పక్కకు దొర్లించి ప్లగ్గులు విప్పి చూడటం ఇంకా మంచిది. ఇంటికొచ్చి ఐడిల్‌లో కాసేపు నడిపాక చూసే ప్లగ్గు ఐడిల్ సంగతే చెబుతుంది, హైవే సంగతి చెప్పదు. స్టీరింగ్ లాక్ ఉన్న బండి అయితే తాళంచెవి బయటికి తీయకండి, ఇగ్నిషన్ ఆపితే చాలు.

బోనెట్ ఎత్తకముందు

తొక్కితే కార్బురేటర్ గొంతులోని రేకు, అంటే బటర్‌ఫ్లై, పూర్తిగా తెరుచుకుంటోందా? ఒకరిని సీట్లో కూర్చోబెట్టి, ఇంజన్ ఆపి, పెడల్ చివరికంటా తొక్కించి మీరు కార్బురేటర్ దగ్గర చూడండి. పాత లింకేజీలు అరిగి సగమే తెరుస్తుంటాయి. కొత్తగా మందపాటి మ్యాట్ వేసినా పెడల్ కిందికంటా పోదు. "ఇంజన్ పని చేయించాలి" అన్న బండికి మ్యాట్ మడత పెట్టి తీస్తే సరిపోయిన సందర్భాలు షెడ్లలో అడిగితే చెబుతారు.

బ్రేకులు పట్టేశాయేమో చూడండి. కొంతదూరం నడిపాక నాలుగు డ్రమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి వేడి చూడండి, ముట్టుకోకుండా. ఒకటి మిగతా వాటికంటే బాగా కాలుతుంటే జాకీ వేసి ఆ చక్రం తిప్పండి. క్లచ్ జారడం కూడా ఇంజన్ దమ్ము లేనట్టే అనిపిస్తుంది: టాప్ గేర్‌లో 40 మీద పూర్తిగా తొక్కితే ఇంజన్ చప్పుడు పెరిగి స్పీడు పెరగకపోతే అది క్లచ్చే.

ట్యాపెట్లు, కంప్రెషన్

మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం కలిసిన పెట్రోలు పూర్తిగా ఆగిపోయింది. అంబాసిడర్ ఇనప హెడ్లలో ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు ఆ సీసం మీద ఆధారపడి ఉండేవి. అది వాల్వుకూ సీటుకూ మధ్య పొరలా పనిచేసేది. అది పోయాక వేగంగా, ఎక్కువ బరువుతో నడిచే బండ్లలో సీటు అరిగి వాల్వు మెల్లగా లోపలికి దిగుతుంది. దిగిన కొద్దీ ట్యాపెట్ గ్యాపు తగ్గుతుంది, ఒకరోజు పూర్తిగా పోతుంది. అప్పుడు వాల్వు మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది, వాల్వు కాలిపోతుంది. చెడ్డ సంగతేమిటంటే ట్యాపెట్లు "టకటక" అంటే అందరూ పట్టించుకుంటారు, ఇవి గ్యాపు తగ్గి నిశ్శబ్దమైపోతే "ఇంజన్ ఎంత స్మూత్‌గా ఉంది" అని మురిసిపోతారు.

1489 ఇంజన్‌కు గ్యాపు 0.015 అంగుళం, అంటే సుమారు 0.38 మిల్లీమీటర్లు. మొత్తం ఎనిమిది వాల్వులు. తొమ్మిది లెక్క గుర్తుపెట్టుకుంటే చాలు: 8వ వాల్వు పూర్తిగా కిందికి నొక్కుకున్నప్పుడు 1వ దాని గ్యాపు చూడాలి, 7వది నొక్కుకున్నప్పుడు 2వది, 6కు 3, అలా రెండూ కలిపితే తొమ్మిది రావాలి. సెట్ చేసే ముందు పాత గ్యాపులు ఎనిమిదీ రాసుకోండి. సెట్ చేసిన కొన్ని వందల కిలోమీటర్లకే ఒకదానిలో గ్యాపు మళ్లీ తగ్గితే ఆ సీటు దిగిపోతోంది. ఇక లేత్‌కు పోయి గట్టి సీట్లు వేయించుకోక తప్పదు.

తర్వాత కంప్రెషన్. ఇంజన్ వేడిగా ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి, నాలుగు ప్లగ్గులూ విప్పాలి, కాయిల్‌కు వచ్చే సన్న వైరు తీసేయాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకోవాలి. ముల్లు ఇక పెరగదు అనేదాకా సెల్ఫ్ కొట్టించండి. అంకె ఎంత వచ్చిందన్న దానికంటే నాలుగింటి మధ్య తేడా ఎంతన్నది ముఖ్యం. ఎక్కువదానికీ తక్కువదానికీ 10 నుంచి 15 శాతం మించి తేడా ఉండకూడదు. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు. పెరగకపోతే వాల్వు, లేదా హెడ్ ప్యాకింగ్. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువుంటే ఆ రెంటి మధ్య ప్యాకింగ్ పోయిందని దాదాపు ఖాయం.

గేజీ లేదా? స్టార్టింగ్ హ్యాండిల్ ఉంటే బయటికి తీయండి. ఇగ్నిషన్ ఆపి, గేర్ న్యూట్రల్‌లో పెట్టి, ప్లగ్గులు బిగించి ఉండగా మెల్లగా తిప్పితే రెండు చుట్లలో నాలుగు బిగువులు చేతికి తగలాలి. ఒకటి మెత్తగా జారిపోతే చేతికే తెలుస్తుంది. బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచండి. హ్యాండిల్ వెనక్కి తన్నితే ఎముక విరుగుతుంది.

కరెంటు తరఫు

ఎక్కువసేపు కూర్చోవాల్సింది ఇక్కడే. పాయింట్ల బండ్లలో తడబాటుకు మూలం చాలాసార్లు స్పార్క్‌ను వంతులవారీగా ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత కిందే ఉంటుంది, పాత ఉస్తాదులు డెల్కో అంటారే, అందులోనే.

ముందు ప్లగ్గులు. గ్యాపు 0.025 అంగుళం, అంటే 0.64 మిల్లీమీటర్లు. లేత గోధుమ రంగు ఉంటే మంచిది. పొడి మసి పెట్రోలు ఎక్కువైందనీ, తడి నలుపు ఆయిల్ పైకొస్తోందనీ, తెల్లగా మాడితే పెట్రోలు తక్కువనీ లెక్క. ఇప్పటి పెట్రోలుతో రంగు మునుపటంత ముదురుగా రాదు, కాబట్టి పాత పుస్తకంలోని బొమ్మతో పోల్చి కంగారుపడకండి. నాలుగింటిలో ఏది వేరుగా ఉందన్నదే చూడండి.

ఒక్క సిలిండర్ మీద అనుమానం ఉంటే ఐడిల్‌లో ఒక్కో ప్లగ్గు వైరు రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయర్‌తో కాసేపు తీసి పెట్టండి. తీసినప్పుడు ఇంజన్ తగ్గాలి. ఏ వైరు తీసినప్పుడు తగ్గలేదో ఆ సిలిండరే పని చేయడం లేదు. దాని ప్లగ్గును పక్కదానితో మార్చండి. జబ్బు ప్లగ్గుతో పాటు పోతే ప్లగ్గు, అక్కడే ఉంటే వైరు లేదా వాల్వు.

పాయింట్లు అంటే డిస్ట్రిబ్యూటర్‌లో కాయిల్ కరెంటును కలిపి తెంపే స్విచ్; వాటి గ్యాపు 0.014 నుంచి 0.016 అంగుళం, మధ్యలో 0.015 పెట్టండి. పాయింటు మడమ అరిగిన కొద్దీ గ్యాపు తగ్గుతుంది, గ్యాపు తగ్గితే పాయింట్లు ఆలస్యంగా విడతాయి, టైమింగ్ లేటవుతుంది. అంటే ఎవరూ ముట్టుకోకపోయినా టైమింగ్ దానంతట అదే జారుతుంది, బండి నెలనెలా కొంచెం మెత్తబడుతుంది. క్యామ్ మీద గ్రీజు కొంచెం రాయండి, ఎక్కువ రాస్తే ఎగిరి పాయింట్ల మీదే పడుతుంది. గ్యాపు సెట్ చేశాకే టైమింగ్ ముట్టుకోవాలి, ముందు కాదు.

పాయింట్లు త్వరత్వరగా గుంటలు పడుతున్నాయా, మూత తీసి చూస్తే పెద్ద నీలం మంట కొడుతోందా? కండెన్సర్. పాయింట్ల దగ్గర నిప్పురవ్వను అణిచే ఈ భాగం హీటెక్కితేనే పోతుంది, చల్లారగానే మంచి పిల్లాడైపోతుంది, అందుకే షెడ్డులో దొరకదు. మల్టీమీటర్‌తో నమ్మకంగా తేల్చడం కష్టం, మార్చి చూడటమే మార్గం. ఇప్పుడు దొరికే కొత్త కండెన్సర్లలో నాసిరకం చాలా ఉంది. డబ్బాలో ఉన్న కొత్తదాని కంటే పాత బండి నుంచి తీసిన పనిచేసే కండెన్సర్‌నే నేను ఎక్కువ నమ్ముతాను. పనిచేసేది దొరికితే ఒకటి డ్యాష్‌బోర్డులో దాచుకోండి.

డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్ల ప్లేటుకూ బాడీకీ మధ్య చిన్న అల్లిక వైరు ఒకటి ఉంటుంది, ఎర్తింగ్ కోసం. దాన్ని చూసేవాళ్లు తక్కువ. వ్యాక్యూమ్ అడ్వాన్స్ పనిచేసిన ప్రతిసారీ ప్లేటు కదులుతుంది, దాంతో పాటు ఈ వైరు వంగుతుంది. ఏళ్ల తరబడి వంగి వంగి లోపల తెగుతుంది, పైకి బాగానే కనబడుతుంది. ఫలితం: ఐడిల్ బాగుంటుంది, తొక్కిన క్షణంలో ప్లేటు కదలగానే కరెంటు తెగి బండి గుటక వేస్తుంది. అచ్చం కార్బురేటర్ జబ్బులాగే. ఇగ్నిషన్ ఆన్ చేసి, పాయింట్లు మూసి ఉండగా కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు పోయే టెర్మినల్‌కూ ఎర్తింగ్‌కూ మధ్య వోల్టేజీ చూడండి, ప్లేటును వేలితో కదుపుతూ. 0.2 వోల్టు మించి చూపినా, కదిపినప్పుడు ముల్లు ఎగిరినా దొరికినట్టే.

అలాగే బ్యాటరీ నుంచి కాయిల్ దాకా వచ్చేసరికి ఎంత కరిగిపోతోందో చూడండి. అర వోల్టు కంటే ఎక్కువ పోతుంటే పాత ఇగ్నిషన్ స్విచ్, తుప్పు పట్టిన కనెక్షన్లు కారణం. కాయిల్ మార్చితే ఆ అర వోల్టు తిరిగి రాదు. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఎర్తింగ్ పట్టీని కూడా విప్పి, గీరి బిగించండి.

రాత్రి లైట్లు ఆపి, ఇంజన్ నడుస్తుండగా ప్లగ్గు వైర్ల మీద స్ప్రే బాటిల్‌తో సన్నగా నీళ్లు చల్లితే లీకయ్యే చోట నీలం నిప్పురవ్వలు కనబడతాయి. వానాకాలంలో మాత్రమే తడబడే బండికి ఇది మొదటి పరీక్ష. షెడ్డు తలుపు తెరిచే చేయండి. మూసిన షెడ్డులో ఇంజన్ నడిపితే పొగ ప్రాణం తీస్తుంది.

ఇక టైమింగ్. ఒక టెస్ట్ బల్బును డిస్ట్రిబ్యూటర్ టెర్మినల్‌కూ ఎర్తింగ్‌కూ తగిలించి, హ్యాండిల్‌తో మెల్లగా తిప్పితే పాయింట్లు విడిన క్షణంలో బల్బు వెలుగుతుంది. ఆ క్షణంలో క్రాంక్ పుల్లీ మీది గాడి, టైమింగ్ కవర్ మీది సూచికల దగ్గర మీ పుస్తకం చెప్పిన డిగ్రీ మీద ఉండాలి. అక్కడితో ఆగొద్దు. టైమింగ్ లైటు తెచ్చి, వ్యాక్యూమ్ పైపు విప్పి, ఇంజన్ వేగం పెంచుతూ చూడండి. గాడి ముందుకు జరుగుతూ పోవాలి. కదలకపోతే లోపలి సెంట్రిఫ్యూగల్ బరువులు తుప్పుతో బిగుసుకున్నాయి. ఐడిల్ టైమింగ్ సరిగ్గా ఉన్నా హైవే మీద బండి ఏడవడానికి ఇదే కారణం. వ్యాక్యూమ్ డయాఫ్రమ్‌కు పైపు పెట్టి నోటితో పీల్చండి. ప్లేటు కదలాలి, నాలుకతో పైపు మూస్తే కదిలినచోటే నిలవాలి. జారిపోతే డయాఫ్రమ్ చిరిగింది.

చివరగా రోటర్ పైన పెట్టే షాఫ్ట్‌ను పక్కలకు ఊపి చూడండి. బాగా ఊగుతుంటే బుష్ అరిగింది. మీరు ఎంత శ్రద్ధగా గ్యాపు పెట్టినా అది ప్రతి సిలిండర్‌కూ మారుతూ ఉంటుంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ వేస్తే పాయింట్ల బాధ పోతుంది నిజమే, బుష్ బాధ పూర్తిగా పోదు. వేయించుకుంటే పాత ప్లేటు, పాయింట్లు డిక్కీలోనే ఉంచండి. కిట్ దారిలో పోతే ములుగు దాటాక అడవిలో దానికి రిపేరు చేసేవాళ్లు దొరకరు, పాయింట్లు మాత్రం మీరే పెట్టుకోవచ్చు.

పెట్రోలు తరఫు

ముందు ట్యాంకు మూత. కొంతదూరం పోయాక తడబడితే ఆపి మూత తెరవండి. "స్‌స్‌" మని గాలి లోపలికి పోయి, తర్వాత బండి బాగా నడిస్తే మూత గాలి రంధ్రం మూసుకుపోయింది.

తర్వాత పంపు. కార్బురేటర్ దగ్గర పైపు విప్పి సీసాలో పెట్టి, కాయిల్ వైరు తీసేసి సెల్ఫ్ కొట్టించండి. పెట్రోలు గట్టి చిమ్ములుగా, బుడగల్లేకుండా రావాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చేయండి, మంట ఆర్పే సిలిండర్ దగ్గర పెట్టుకోండి, బీడీ కాల్చేవాళ్లను అవతలికి పంపండి. బుడగలొస్తే పంపుకు ముందు ఎక్కడో, అంటే ట్యాంకు వైపు హోస్‌లోనో యూనియన్‌లోనో పంపు గాజు మూత ప్యాకింగ్ దగ్గరో గాలి పీలుస్తోంది. అక్కడ పెట్రోలు బయటికి కారదు, అందుకే కంటికి కనబడదు. చిమ్ము బలహీనంగా ఉంటే ట్యాంకు వైపు పైపులో గాలి కొట్టి తుప్పు అడ్డుపడిందేమో చూసి, ఆ తర్వాతే పంపు డయాఫ్రమ్ మీద అనుమానపడండి. డిప్‌స్టిక్ తీసి వాసన చూడటం మరిచిపోవద్దు. ఆయిల్ మట్టం పెరిగి పెట్రోలు వాసన వస్తే డయాఫ్రమ్ చిరిగి పెట్రోలు సంపులోకి (ఇంజన్ అడుగున ఆయిల్ తొట్టిలోకి) కారుతోంది. ఆ బండిని ఇక నడపకండి.

ఇప్పుడు ఇథనాల్ సంగతి. ఇవాళ బంకుల్లో మామూలుగా పోసే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. పాత బండ్లకు దీనితో మూడు ఇబ్బందులు. ఒకటి, అప్పటి రబ్బరు డయాఫ్రమ్‌లు, హోస్‌లు, వాషర్లు ఉబ్బి మెత్తబడతాయి; లోపల పెచ్చులూడి జెట్లలో, అంటే కార్బురేటర్‌లో పెట్రోలు పోసే సన్న రంధ్రాలలో, చేరతాయి. కొత్త హోస్ కొనేటప్పుడు ఇథనాల్‌కు తట్టుకునేదే కావాలని అడిగి తీసుకోండి. రెండు, ఇథనాల్ నీళ్లను పీలుస్తుంది. నెలల తరబడి నిలబెట్టిన బండిలో, ముఖ్యంగా వానలు పోయాక, నీళ్లూ ఇథనాల్ కలిసి అడుగుకు దిగిపోతాయి. ట్యాంకు అడుగు నుంచి కొంచెం తీసి గాజు సీసాలో ఒక రాత్రి ఉంచితే పొర కనబడుతుంది. మూడోది తడబాటుకు నేరుగా సంబంధించినది: ఉత్త పెట్రోలు ఒక కిలో మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు, 20 శాతం కలిస్తే దాదాపు 13.5. మీ కార్బురేటర్ జెట్లు మాత్రం పాత లెక్కతోనే పోస్తున్నాయి. కాబట్టి ఏ తప్పూ లేని కార్బురేటర్ కూడా ఇప్పుడు కొంచెం తక్కువ పోస్తున్నట్టే. అంచుమీద నడుస్తున్న బండి ఇక్కడే తడబడటం మొదలుపెడుతుంది.

ఎండాకాలం మరో గోల. వరంగల్‌లో, రామగుండంలో మే నెల 43, 44 డిగ్రీల ఎండ; ఈ ఇంజన్‌లో కార్బురేటరూ ఎగ్జాస్ట్ మానిఫోల్డూ ఒకే వైపు. పెట్రోలు పైపులోనే ఆవిరై పంపు ఉత్తగా కొట్టుకుంటుంది. ఇది ఆవిరా, కండెన్సరా అని అక్కడికక్కడే తేల్చాలి: పంపు మీద, పైపు మీద తడిగుడ్డ వేయండి. కొద్ది నిమిషాల్లో తేరుకుంటే ఆవిరి. తేరుకోకపోతే ప్లగ్గు తీసి స్పార్క్ చూడండి. నీళ్లు బిందెతో కుమ్మరించకండి, వేడి మానిఫోల్డ్ పగులుతుంది. పైపును ఎగ్జాస్ట్‌కు దూరంగా మళ్లించడం, మధ్యలో రేకు అడ్డం పెట్టడం శాశ్వతమైన మందు.

గాలి పీల్చడం, సైలెన్సర్

ఇంజన్ పీల్పును కొలిచే వ్యాక్యూమ్ గేజీ ఒకటి కొనుక్కోండి, పెట్టిన డబ్బుకు ఇంత సంగతి చెప్పే పరికరం ఇంకోటి లేదు. సముద్రమట్టం దగ్గర ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ఐడిల్‌లో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కలో) మధ్య చూపుతుంది. మన వరంగల్ దాదాపు 270 మీటర్ల ఎత్తు కాబట్టి ఒక అంగుళం తక్కువగా చూసుకోండి. ముల్లు కదలకుండా తక్కువలో నిలిస్తే టైమింగ్ లేటు లేదా గాలి లీకు. లెక్క ప్రకారం టక్కుటక్కున పడుతుంటే ఒక వాల్వు. ఇంజన్ వేగం పెంచి పట్టుకున్నప్పుడు మొదట బాగుండి మెల్లమెల్లగా దిగిపోతుంటే సైలెన్సర్ మూసుకుపోయింది: లోపలి రేకులు కూలి ఉండొచ్చు, నిలబెట్టిన బండి అయితే గొట్టంలో ఎలుకో కందిరీగో గూడు పెట్టి ఉండొచ్చు.

గాలి లీకు కోసం మానిఫోల్డ్ ప్యాకింగ్ చుట్టూ పెట్రోలు చల్లేవాళ్లున్నారు. పక్కనే ఎర్రగా కాలే ఎగ్జాస్ట్ ఉంది, ఆ పని చేయకండి. ఇంజన్ ఆయిల్ బ్రష్‌తో కొంచెం పూయండి. పూసిన చోట ఐడిల్ మారితే లీకు అక్కడే. బటర్‌ఫ్లై ఇరుసు అరిగి దాని పక్కల నుంచి పీల్చడం కూడా మామూలే.

ఇప్పుడు కార్బురేటర్

ముందు ఎయిర్ క్లీనర్ విప్పండి. పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ రోడ్ల మీద తిరిగే బండి ఎయిర్ క్లీనర్‌లో దూది పింజలు, కరీంనగర్ గ్రానైట్ క్వారీల వైపు తిరిగే దానిలో రాతిపొడి. ఆయిల్ బాత్ రకమైతే అడుగున బురద తీసి కొత్త ఆయిల్ గీత వరకే పోయండి.

సోలెక్స్ అయితే ఇంజన్ ఆపి, గొంతులోకి చూస్తూ లింకేజీ ఒక్కసారి తొక్కండి. సన్నని గట్టి ధార పడాలి. చుక్కలు పడితేనో, ఆలస్యంగా పడితేనో యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్ మార్చాలి. జెట్లను గాలితోనే ఊదండి. సూది, తీగ దూరిస్తే రంధ్రం పెద్దదవుతుంది, ఆ జెట్ ఇక పనికిరాదు.

ఎస్‌యూ అయితే పైన మూత విప్పి డ్యాష్‌పాట్‌లో ఎస్‌ఏఈ 20 లాంటి పల్చని ఆయిల్ ఉందో లేదో చూడండి. లేకపోతే తొక్కగానే పిస్టన్ ఒక్కసారిగా లేచి గుటక వేయిస్తుంది. పిస్టన్‌ను పూర్తిగా ఎత్తి వదిలితే "టక్" మని స్పష్టంగా కింద కొట్టుకోవాలి. మిక్చర్ చూడటానికి పిస్టన్‌ను ఒక మిల్లీమీటరు లోపే ఎత్తండి. ఇంజన్ కొంచెం పెరిగి వెంటనే సర్దుకుంటే సరిగ్గా ఉంది, పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, ఆగిపోబోతే తక్కువ. ఇథనాల్ కోసం జెట్ నట్టును ఒక్కో పలక చొప్పున కిందికి తిప్పండి. కిందికి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది. సోలెక్స్‌లో మెయిన్ జెట్ ఒక్క సైజు పెంచి నడిపి, ప్లగ్గులు చూసి, చాలకపోతేనే ఇంకో సైజు.

ఇంత చేసినా తేలకపోతే, లేదా హెడ్ దించాల్సి వస్తే మిస్త్రీ దగ్గరికే పోవాలి. పోయినప్పుడు "పికప్ లేదు, చూడు భాయ్" అనకండి. "హీటయినంక, టాప్ గేర్ల అరవై దాటితే కుదుపుతుంది. చోక్ గుంజితే మంచిగ పోతుంది. పాయింట్లు, టైమింగ్ చూసిన, కంప్రెషన్ నాలుగిట్ల ఇంతింత ఉంది" అని మీ కాగితం చేతిలో పెట్టండి. మార్చిన ప్రతి పార్టూ, అది పాడైందే అయినా, తిరిగి అడిగి తీసుకోండి. ముఖ్యంగా పాత జెట్లు, ఎస్‌యూ నీడిల్. వాటి మీద చెక్కిన నంబరు చూసే కొత్తది సరైనదో కాదో చెప్పగలం. అవి చెత్తబుట్టలో పడితే తర్వాత ఎవరికీ మీ బండి అసలు సైజు తెలియదు.